కారు బ్యాటరీ: అమరానా, ఎక్సైడా?

పొద్దున తాళం తిప్పితే కారు టక్కుటక్కుమని ఆగిపోయిందంటే, మెకానిక్ అడిగే మొదటి మాట ఇదే. అమరాన్ మన తిరుపతి దగ్గరి అమరరాజా వాళ్లది, ఎక్సైడ్ కోల్‌కతా కంపెనీ. రెండూ గట్టివే, డిస్టిల్డ్ వాటర్ పోసే గొడవ లేని రకాలు రెండింట్లోనూ దొరుకుతాయి.

నన్నడిగితే పేరు కంటే తయారీ తేదీ ముఖ్యం. ఓసారి తొందరలో షాపువాడు ఇచ్చింది బిగించుకుని వచ్చేశాను, తీరా చూస్తే అది ఎనిమిది నెలలుగా ర్యాక్‌లో పడున్న సరుకు! ఇప్పుడైతే బిగించకముందే వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టమంటాను, 12.6 వోల్టులకు అటూఇటూగా చూపిస్తేనే డబ్బులు.

వారంటీ విషయంలో ఇద్దరిదీ దాదాపు ఒకటే తంతు: లేబుల్ మీద ఎన్ని నెలలున్నా, మొదటి కొన్నాళ్లే ఉచితంగా మారుస్తారు, ఆ తర్వాత కొత్తదాని మీద కొంత తగ్గింపు మాత్రమే. అందుకే రెండిట్లో సర్వీస్ మీ ఊళ్లో ఎవరిది దగ్గరో చూసుకోండి. నేనైతే అమరానే తీసుకున్నాను, డీలర్ మా వీధి చివరే మరి. అన్నట్టు, 35 ఏహెచ్ (యాంపియర్-అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) అని చెప్తే సరిపోదు, ప్లస్ టెర్మినల్ ఎడమ వైపా, కుడి వైపా అన్నదీ చెప్పాలి, లేకపోతే కేబుల్ అందదు. పాత బ్యాటరీ ఊరికే వదిలేయకండి, అందులో సీసానికి రేటుంది, బిల్లులో తగ్గించమనండి.