పాత వీడియో గేముల సైటుకు హ్యూగో: ఏళ్ల తరబడి వాడాక నా మాట

పాత వీడియో గేముల మీద ఒక సైటు నడుపుతున్నాను. ఒక్కో ఆట ఏ దేశంలో ఏ పేరుతో వచ్చింది, ఏ వెర్షన్‌లో ఏం మారింది, తెర మీద ఎలా కనబడేది, ఇవీ అందులో ఉండే సంగతులు. దాన్ని హ్యూగో అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టి చాలా ఏళ్లయింది. ఇలాంటి సైటు పెట్టాలనుకునేవాళ్లకు అది పనికొస్తుందా అని ఎవరడిగినా నిస్సంకోచంగా పనికొస్తుందనే చెబుతాను. కాకపోతే దాని బలం ఎక్కడుందో తెలుసుకుని దిగాలి.

హ్యూగో గో భాషలో రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్. 2013 నుంచి ఉంది. మనం మామూలు టెక్స్ట్ ఫైళ్లలో రాసుకున్నదాన్ని టెంప్లేట్లలో (పేజీ అచ్చుల్లో) పోసి హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చి ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. ఆ ఫోల్డర్‌ను ఏ సర్వర్ మీదకు ఎక్కించినా సైటు నడుస్తుంది. డేటాబేస్ లేదు, దానికి బ్యాకప్పుల బెడద లేదు. నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే. 1990ల్లో ఆటల అభిమానులు ఇష్టంగా రాసుకున్న పేజీలు ఎన్నో, ఉచితంగా సైటు పెట్టుకోనిచ్చే జియోసిటీస్ మీద ఉండేవి. 2009 అక్టోబరులో అది మూతపడ్డాక, ఆర్కైవ్ టీమ్, ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటివాళ్లు కాపీ చేసి పెట్టినంత మేరకే అవి మిగిలాయి. ఆటల సంగతి చూస్తే, 2010కి ముందు అమెరికాలో విడుదలైనవాటిలో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తన అధ్యయనంలో తేల్చింది. ఆటే దొరకనప్పుడు దాని గురించి రాసిన పేజీ అయినా నిలవాలి కదా. నా సైటు మొత్తం ఒక ఫోల్డర్. హోస్టింగ్ కంపెనీ రేపు మూతపడినా, ఆ ఫోల్డర్ ఇంకోచోట పెడితే చాలు.

పాత ఆటలతో పని చేసేవాళ్లకు అసలు తలనొప్పి పేర్లు, తేదీలు. ఫైనల్ ఫ్యాంటసీ సిరీస్‌నే తీసుకోండి. 1991లో జపాన్‌లో నాలుగో భాగంగా వచ్చిన ఆటను అమెరికాలో ఫైనల్ ఫ్యాంటసీ 2 అన్నారు. 1994లో వచ్చిన ఆరో భాగం అక్కడ 3 అయింది. అంటే ఒకే పేరుతో రెండు వేర్వేరు ఆటలున్నాయి. కాంట్రా అనే ఆటది ఇంకో కథ. యూరప్‌లో దాని కన్సోల్ (ఆటలాడే యంత్రం) వెర్షన్ పేరు ప్రోబొటెక్టర్, మనుషుల బదులు రోబోలు. అందుకే నా సైటులో పేజీ చిరునామా ఎప్పుడూ మొదట విడుదలైన దేశంలోని పేరుతోనే ఉంటుంది, మిగతా పేర్లన్నీ ఫైలు పైభాగంలో ఎలియాసెస్ (మారుపేర్లు) కింద రాస్తాను. పాత చిరునామాతో వచ్చినవాళ్లను హ్యూగో తనంతట తానే సరైన పేజీకి పంపేస్తుంది. పేజీల చిరునామాలు మార్చాల్సి వచ్చినప్పుడు కూడా ఈ ఒక్క సదుపాయం వల్ల బయటి లింకులేవీ తెగలేదు.

తేదీ విషయంలో మాత్రం జాగ్రత్త. హ్యూగోలో డేట్ అనే ఫీల్డు పేజీ తేదీ కోసం. ఆట విడుదల తేదీని అందులో పెట్టకండి. అది పూర్తి తేదీ కోరుకుంటుంది, మన దగ్గర చాలాసార్లు పూర్తి తేదీ ఉండదు. సూపర్ మారియో బ్రదర్స్ జపాన్‌లో 1985 సెప్టెంబరు 13న వచ్చింది, దానిమీద పేచీ లేదు. అమెరికాలో ఏ రోజు అమ్మకానికి వచ్చిందన్నదే తేలని చర్చ. అందుకని విడుదలకు వేరే ఫీల్డు పెట్టుకున్నాను. దేశం, తెలిసినంతవరకు తేదీ, ఆ తేదీ ఎక్కడ దొరికింది, ఈ మూడూ అందులో ఉంటాయి. '1985' అని మాత్రమే తెలిస్తే అంతే రాస్తాను. కన్సోల్, తయారీదారు, సంవత్సరం అని విభాగాలు ఒకసారి కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్లో చెబితే, వాటి జాబితా పేజీలన్నీ హ్యూగో కడుతుంది. మెగా డ్రైవ్ కన్సోల్ ఆటలన్నీ ఒకచోట చూడాలనుకునే పాఠకుడికి నేను చేత్తో చేసేదేమీ లేదు.

ఇక స్క్రీన్‌షాట్లు. ఇక్కడ హ్యూగో మీద ఆధారపడను. దానిలో బొమ్మల సైజు మార్చే పని బాగానే ఉంది, పిక్సెళ్ల అంచులు మసకబారకుండా చూసే నియరెస్ట్ నైబర్ పద్ధతి కూడా ఉంది. కానీ పాత ఆటల బొమ్మకు కావలసిన శ్రద్ధ వేరు. చేత్తో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ తెర 160 బై 144 పిక్సెళ్లు, నాలుగే ఛాయలు. కుదించకుండానే ఒక తెర 5,760 బైట్లలో ఇమిడిపోతుంది. దాన్ని జేపెగ్‌గా సేవ్ చేస్తే ఫైలు పెరుగుతుంది, పైగా అంచుల చుట్టూ మురికి పట్టినట్టు మచ్చలొస్తాయి. ఎప్పుడూ ఇండెక్స్‌డ్ పీఎన్‌జీనే (వాడిన రంగుల జాబితాతో, బొమ్మ చెడకుండా దాచే ఫార్మాట్) వాడాలి. పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్‌లో ఇమేజ్-రెండరింగ్ దగ్గర పిక్సెలేటెడ్ అని రాసి, సైజు రెండింతలు, మూడింతలు ఇలా పూర్ణ సంఖ్యల్లో పెంచితే గేమ్ బాయ్ బొమ్మ అద్దంలా వస్తుంది.

టీవీకి తగిలించే నింటెండో కన్సోళ్లు ఎన్ఈఎస్, సూపర్ ఎన్ఈఎస్‌లకు అది చాలదు. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌లలో వాడిన ప్రమాణం) టీవీ మీద వాటి పిక్సెల్ చతురస్రం కాదు, ఎత్తు 7 అయితే వెడల్పు 8. ఉన్నదున్నట్టు చూపిస్తే గుండ్రని చంద్రుడు కోడిగుడ్డయిపోతాడు. సీఎస్ఎస్‌తో అడ్డంగా సాగదీస్తే కొన్ని నిలువు వరసలు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. నేను చేసేదేంటంటే, ఇమేజ్‌మ్యాజిక్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో శాంపిల్ ఆప్షన్‌తో వెడల్పును 8 రెట్లు, ఎత్తును 7 రెట్లు పెంచుతాను. 256 బై 224 బొమ్మ 2048 బై 1568 అవుతుంది. ఒకే రంగు గడులు వరసగా ఉంటాయి కాబట్టి పీఎన్‌జీ దాన్ని బాగా కుదిస్తుంది. ఆ పెద్ద బొమ్మను బ్రౌజర్ మామూలుగా చిన్నది చేసుకుంటే ఆకారం సరిగ్గా, గీతలు సమంగా ఉంటాయి. చతురస్రపు పిక్సెళ్లే సరైనవని వాదించేవాళ్లూ ఉన్నారు, కొన్ని ఆటల్లో వాళ్ల మాటా నిజమే. అందుకే అసలు సైజు బొమ్మను కూడా పక్కనే లింకుగా పెడతాను. వెడల్పు, ఎత్తు అంకెలు ఇమేజ్ ట్యాగులో రాయడం మరవకండి. లేకపోతే బొమ్మలు దిగేకొద్దీ చదువుతున్న వాక్యం కిందకు జారిపోతుంది.

ఆట ఫైళ్లు మాత్రం సైటులో పెట్టను. హక్కులు వేరేవాళ్లవి.

హ్యూగోలో నాకు ఇబ్బందిగా ఉన్నవి రెండు. మొదటిది టెంప్లేట్ భాష. అందులో చుక్క గుర్తుకు లూపు లోపల ఒక అర్థం, బయట ఇంకో అర్థం. ప్రోగ్రామింగ్ అలవాటు లేనివాళ్లకు మొదట్లో చుక్కలు కనబడతాయి. రెండోది, వెతికే సదుపాయం దానితోపాటు రాదు. దానికి పేజ్‌ఫైండ్ కలుపుకున్నాను. హ్యూగో సైటు కట్టడం పూర్తయ్యాక అది పేజీలన్నీ చదివి సూచిక తయారు చేస్తుంది, వెతికినప్పుడు అవసరమైన ముక్కలే పాఠకుడి బ్రౌజర్‌కు వెళ్తాయి. సర్వర్ అక్కర్లేదు, నెమ్మదైన కనెక్షన్‌లోనూ వేగంగానే పనిచేస్తోంది. ఆటకున్న ఇతర పేర్లు కూడా పేజీ మీద కనబడేలా రాస్తే, ప్రోబొటెక్టర్ అని వెతికినవాళ్లకు కాంట్రా దొరుకుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రెడీమేడ్ థీమ్ జోలికి పోకుండా హోమ్ పేజీ, ఆట పేజీ, జాబితా పేజీ అనే మూడు టెంప్లేట్లు సొంతంగా రాసుకుంటే మేలు. థీములు చాలావరకు తేదీలవారీ రాతల కోసం చేసినవి. ఆట పేజీకి కావలసిన విడుదల పట్టిక, పేర్ల జాబితా, యూరప్ వెర్షన్ 50 హెర్ట్జ్‌లో (అక్కడి టీవీల వేగంలో) నెమ్మదిగా నడిచిందా లేదా అన్న గమనిక వాటిలో ఉండవు. ముందు పది ఆటల ఫైళ్లు రాసి, ఫీల్డులు కుదిరాయనిపించాకే టెంప్లేట్ మొదలుపెట్టండి.