ఉమ్మడి చెల్లింపులా, ఉమ్మడి పత్రాల చట్టమా: ఏది ముందు?

ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద వ్యాపారం 2021 జనవరి 1న మొదలైంది. సుంకాలు తగ్గించుకోవడానికి దేశాలు ఒప్పుకున్నాయి సరే, సరుకు పంపినవాడికి డబ్బు అందేదాకా ఎవరు ఆదుకోవాలి?

ఒక దారి, చెల్లింపులను కలపడం. ఆఫ్రికా ఎగుమతి దిగుమతి బ్యాంకు ఆఫ్రెక్సిమ్ అండతో, దేశాల మధ్య చెల్లింపులు జరిపే పాప్స్ అనే వ్యవస్థ 2022 జనవరిలో ఘనా రాజధాని అక్రాలో ప్రారంభమైంది. ఘనా వ్యాపారి సెడిలలో చెల్లిస్తే నైజీరియా వ్యాపారికి నైరాలలో అందాలన్నది దాని ఉద్దేశం. అది లేనప్పుడు పక్క దేశానికి పంపే సొమ్ము కూడా తరచుగా డాలర్లుగా మారి, ఖండం బయటి బ్యాంకులను చుట్టి రావాలి. ఇది చిన్న మేలు కాదు.

అయినా నేను ముందు కోరేది రెండో దారి: కంప్యూటర్‌లోని సరుకు పత్రాలను కాగితంతో సమానంగా గుర్తించే ఉమ్మడి పత్రాల చట్టం. డబ్బు వేగంగా కదిలినంత మాత్రాన అప్పు పుట్టదు. సరుకు ఓడెక్కాక సొమ్ము చేతికి రావడానికి వారాలు పడుతుంది, చిన్న ఎగుమతిదారు నలిగిపోయేది అప్పుడే. అప్పుడు బ్యాంకు తాకట్టుగా చూసేది బిల్ ఆఫ్ లేడింగ్‌ను, అంటే సరుకు అందుకున్నట్టు ఓడ సంస్థ ఇచ్చే పత్రాన్ని. అది ఎవరి స్వాధీనంలో ఉంటే సరుకు అడిగే హక్కు వారిది. కానీ కాగితం బదులు కంప్యూటర్ ఫైలు వాడితే, దానికి ఎన్ని నకళ్లయినా తీయవచ్చు. దాన్ని స్వాధీనంలో ఉంచుకోవడం అంటే ఏమిటి? ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్ట సంఘం 2017 నమూనా చట్టం దీనికి జవాబిచ్చింది. నమ్మదగిన పద్ధతిలో ఒక రికార్డుపై ఒక్కరికే నియంత్రణ ఉంటే, అది స్వాధీనంతో సమానం. బహ్రెయిన్ 2018లో, సింగపూర్ 2021లో ఈ బాట పట్టాయి. బ్రిటన్ 2023లో తన సొంత చట్టం తెచ్చింది.

చట్టం కోసం ఆగకుండా ప్రైవేటు వేదికతో సరిపెట్టుకోవచ్చని కొందరంటారు. కంప్యూటర్‌లో బిల్ ఆఫ్ లేడింగ్‌లు నడిపే బొలెరో అనే వేదిక 1999లోనే అలా మొదలైంది. దాని నియమాలు సభ్యులనే కట్టి ఉంచుతాయి. ఒక సభ్యుడు దివాలా తీస్తే బయటి రుణదాతలు ఆ నియమాలను ఎందుకు మన్నించాలి? ఈ ఒక్క ప్రశ్నతోనే తాకట్టు విలువ సన్నగిల్లుతుంది.

చట్టం దారి నిదానమైనదే. ప్రతి పార్లమెంటూ ఆమోదించాలి. మార్గంలో ఒక్క దేశం వెనకబడినా కాగితం మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

లారీల మీద సాగే సరిహద్దు వ్యాపారానికి మాత్రం నా తూకం మారుతుంది. లారీ రవాణా పత్రానికి సాధారణంగా సరుకుపై హక్కును చేతులు మార్చే శక్తి ఉండదు. సముద్రతీరం లేని దేశాలు అలాంటి వ్యాపారం మీదే బతుకుతుంటే, అక్కడ ముందు చెల్లింపుల వ్యవస్థే రావాలి.