మిగిలిన బ్లాకుల బొంతకు రోటరీ కట్టర్ సెట్: చదరపు స్కేలు పనికొచ్చింది, మ్యాట్ విసిగించింది

పెద్ద బొంతలు కుట్టగా మిగిలిపోయిన పన్నెండు బ్లాకులు (గుడ్డ ముక్కలు కలిపి కుట్టిన చదరాలు), ఒక సంచీ నిండా గుడ్డ పీలికలు నా దగ్గర చాలా కాలంగా పడి ఉన్నాయి. వాటితో ఒక చిన్న బొంత కుట్టాలని నిర్ణయించుకున్నప్పుడు, అప్పటిదాకా కత్తెరతోనే నెట్టుకొచ్చిన నేను రోటరీ కట్టర్ (పిడికి బిగించిన, గుండ్రంగా తిరిగే బ్లేడు), కటింగ్ మ్యాట్ (గుడ్డ కింద పరిచే కోత పలక), రెండు అక్రిలిక్ స్కేళ్లు కలిపి అమ్మే సెట్ ఒకటి కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. కట్టర్ బ్లేడు వ్యాసం 45 మిల్లీమీటర్లు, మ్యాట్ 18 అంగుళాల పొడవు 12 అంగుళాల వెడల్పు, స్కేళ్లలో ఒకటి 12 అంగుళాల పొడవు ఉన్న పట్టీ, రెండోది 6½ అంగుళాల చదరం.

ఇలాంటి సెట్‌ను చూడగానే ఎవరి దృష్టయినా కట్టర్ మీదికే పోతుంది. నాదీ అంతే. అయితే మిగులు బ్లాకులతో పని మొదలుపెట్టాక నా లెక్క తారుమారైంది, ఎందుకంటే ఇక్కడ కొత్తగా కత్తిరించవలసింది తక్కువ, ఇప్పటికే కుట్టి ఉన్నవాటిని ఒక కొలతకు తేవలసింది ఎక్కువ. నా పన్నెండు బ్లాకులూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ఓపికతో కుట్టినవి కావడం వల్ల అన్నిటికన్నా చిన్నది 5¾ అంగుళాలు, అన్నిటికన్నా పెద్దది 6¾ అంగుళాలు ఉన్నాయి. వీటిని ఉన్నవున్నట్టు కలిపి కుడితే ఒక వరుస లాక్కుపోయి, పక్క వరుస ఉబ్బి, బొంత నేల మీద చదునుగా పరుచుకోదు. అందుకని అన్నిటినీ చదరపు స్కేలు కొలతకు, అంటే 6½ అంగుళాలకు, తేవాలనుకున్నాను.

అందుకే ఈ సెట్‌లో అసలైన పనిముట్టు చదరపు స్కేలే అంటాను. దాని మీద మూల నుంచి మూలకు గీసి ఉన్న 45 డిగ్రీల గీతను బ్లాకులోని ఐమూల కుట్టు మీదికి సరిపెట్టి, బ్లాకు నడిమి బిందువు స్కేలు నడిమికి వచ్చేలా జరిపి, కుడివైపు, పైవైపు అంచులను కోసి, తర్వాత బ్లాకును తిప్పి, కోసిన అంచులను స్కేలు గీతలకు ఆనించి మిగిలిన రెండు వైపులా కోయాలి. కత్తెరతో గంటసేపు కుస్తీ పట్టినా రాని నాలుగు లంబకోణపు మూలలు ఒక్కో బ్లాకుకు రెండు నిమిషాల్లో వచ్చాయి. స్కేలు పారదర్శకంగా ఉండటం వల్ల కోయబోయే ముందే అంచున ఏమి పోతుందో కనిపిస్తుంది. నా దగ్గరున్న నక్షత్రపు బ్లాకులు రెండింటిలో, నాలుగు వైపులా ఒక్కో అర పావు అంగుళం కోస్తే కొనలు కుట్టులోకి పోయి మొద్దుబారతాయని ముందే తెలిసింది. తెలిసీ కోశాను. ఆ రెండు నక్షత్రాలు ఇప్పుడు కొంచెం అరిగిపోయినట్టు కనిపిస్తాయి, కానీ వాటి కోసం మిగిలిన పదింటినీ పెంచే ఓపిక నాకు లేకపోయింది.

6½ అంగుళాలకు తక్కువగా ఉన్న బ్లాకుల చుట్టూ పీలికల్లోంచి 1½ అంగుళాల వెడల్పు పట్టీలు కోసి కుట్టాను. ప్రతి కుట్టులో రెండు ముక్కల అంచులూ పావేసి అంగుళం లోపలికి పోతాయి కనుక, అప్పుడు 5¾ అంగుళాల బ్లాకు 7¾ అంగుళాలవుతుంది, దాన్ని తిరిగి స్కేలు కింద పెట్టి 6½కి కోస్తే చుట్టూ సన్నని చట్రం మిగులుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. అంత సన్నని చట్రంలో ఒక వైపు కాస్త లావుగా, ఇంకో వైపు కాస్త సన్నగా వస్తే కంటికి వెంటనే పొరపాటుగా తగులుతుంది. రెండు బ్లాకుల్లో అలా వచ్చాక, మూడోదానికి స్కేలును కావాలనే కొద్దిగా వంకరగా పెట్టి కోశాను. బ్లాకు చట్రంలో ఒరిగినట్టుగా కుదిరింది, చూసినవారు అదొక నమూనా అనుకుంటున్నారు, నేనూ కాదనడం లేదు.

స్కేలు మీద నా ఫిర్యాదు ఒక్కటే: వెనకవైపు నున్నగా ఉండటం వల్ల గుడ్డ మీద జారుతుంది. చివరికి సన్నని గరుకు కాగితాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి నాలుగు మూలలా అతికించుకున్నాను. చిటికెన వేలిని స్కేలు అవతలి అంచుకు ఆనించి నొక్కితే పట్టు ఇంకా బాగుంటుంది.

ఇక కట్టర్ సంగతి. ఈ పనిముట్టును జపాన్‌కు చెందిన ఓల్ఫా సంస్థ 1979లో తెచ్చింది, నా సెట్‌లోనిది ఆ పద్ధతిలోనే చేసినది. కొత్త బ్లేడుతో నాలుగు పొరల నూలు గుడ్డ ఒక్క తోపుకు తెగుతుంది, నిలబడి, శరీరానికి దూరంగా తోస్తూ కోస్తే భుజం నొప్పి కూడా ఉండదు. అయితే రెండో రోజే నేను పరాకుగా ఒక గుండుసూది మీదుగా పోనిచ్చాను. అప్పటి నుంచి కోసిన ప్రతి పొడవాటి పట్టీలో, సుమారు 14 సెంటీమీటర్లకు ఒకచోట, రెండు మూడు పోగులు తెగకుండా మిగిలిపోవడం మొదలైంది. ఆ దూరం 45 మిల్లీమీటర్ల బ్లేడు చుట్టుకొలతకు సమానం, అంటే అంచు మీద ఒక్కచోట నొక్కుపడితే బ్లేడు ప్రతి చుట్టుకూ దాన్ని గుర్తు చేస్తూనే ఉంటుంది. సెట్‌లో అదనపు బ్లేడు ఇవ్వకపోవడం నాకు నచ్చలేదు. బ్లేడును మూసే తాళం మాత్రం గట్టిగా ఉంది, కట్టర్‌ను కింద పెట్టే ప్రతిసారీ దాన్ని వేయడం తప్పనిసరి, ఎందుకంటే ఈ బ్లేడు గుడ్డకూ వేలికీ తేడా చూడదు.

మ్యాట్ నన్ను నిరాశపరిచింది. కోత గాట్లు వాటంతటవే పూడుకుంటాయన్న మాట చాలావరకు నిజమే, కానీ దాని మీద అచ్చు వేసిన గళ్ళకు, స్కేలు గీతలకు 10 అంగుళాల దూరంలో ఒక గీత మందం తేడా వస్తోంది. బొంత పనిలో ఈ మాత్రం తేడా తక్కువేమీ కాదు. పావు అంగుళం కుట్టులో ఒక్క మిల్లీమీటరు ఎక్కువ లోపలికి పోతే రెండు ముక్కల వైపూ కలిపి రెండు మిల్లీమీటర్లు పోతాయి, నాలుగు బ్లాకుల నిలువు వరుసలో మూడు కుట్లకు ఆరు మిల్లీమీటర్లు, అంటే దాదాపు పావు అంగుళం, తగ్గిపోతుంది. కాబట్టి మ్యాట్ గళ్ళను చూడటం మానేసి స్కేలునే నమ్మాను. ఇస్త్రీ పెట్టెను ఈ మ్యాట్ దగ్గరికి రానివ్వకూడదు, వేడికి వంకరపోతే మళ్ళీ చదునవదు. దాని పరిమాణం కూడా ఇబ్బందే: బొంత చుట్టూ వేసే అంచు పట్టీలు 24½ అంగుళాలు కావాలి కనుక ప్రతి పట్టీనీ మడిచి కోయవలసి వచ్చింది, మడతలో వంపు వస్తే పట్టీ మధ్యలో విల్లులా వంగుతుంది.

మిగిలినది మామూలు కుట్టుపనే. ఐమూలగా కోసిన ముక్కలు సాగిపోకుండా పలచని గంజి పెట్టి ఇస్త్రీ చేశాను, ఇస్త్రీ పెట్టెను రుద్దకుండా ఎత్తి ఎత్తి అద్దాను. పక్కపక్క వరుసల కుట్టు మడతలను ఎదురెదురు దిక్కులకు మడిస్తే కూడళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడి, నాలుగు మూలలూ ఒకచోట కలుస్తాయి. మూడు అడ్డంగా, నాలుగు నిలువుగా కలిపాక, ప్రతి బ్లాకుకూ నాలుగు వైపులా పావేసి అంగుళం కుట్లలోకి పోగా, 18 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు వచ్చింది. చుట్టూ 3 అంగుళాల అంచు కలిపేసరికి 24, 30 అయింది. ఈ కొలతల్లో నాలుగు అంచు పట్టీలూ సరిగ్గా ఒకే పొడవు రావడం అనుకోకుండా దక్కిన సుఖం. నూలు బ్యాటింగ్ (బొంత మధ్యలో పెట్టే మెత్తని పొర), ఆస్తరు వేసి, పిడికెడు దూరానికొక పిన్నీసు గుచ్చి, కుట్ల వెంబడే మిషన్ కుట్టు వేశాను. బొంత అంచులను మూసే చివరి కట్టుపట్టీకి చుట్టుకొలత 108 అంగుళాలు, మూలలకూ అతుకులకూ మరో 12 కలిపి, 2½ అంగుళాల వెడల్పు పీలికలను ఐమూలగా అతికాను, అలా అతికితే మందం ఒకేచోట కుప్పపడదు.

మళ్ళీ కొనవలసి వస్తే సెట్‌గా కొనను. చదరపు స్కేలు, కట్టర్, రెండు అదనపు బ్లేడ్లు విడిగా తీసుకుని, మ్యాట్ మాత్రం 24 అంగుళాల పొడవుకు తగ్గనిది చూసుకుంటాను. నొక్కుపడిన ఆ బ్లేడును పారేయలేదు. దానికొక పాత పిడి దొరికాక నమూనా కాగితాలు కోయడానికి పక్కన పెట్టాను, కాగితం మీద కూడా 14 సెంటీమీటర్లకు ఒకసారి తడబడుతూనే ఉంది.