ఊరి పబ్బును కాపాడాలంటే: గ్రేడ్ 2 లిస్టింగా, కమ్యూనిటీ ఆస్తి గుర్తింపా?

ఇంగ్లండ్‌లో పల్లెటూరి పాత పబ్బును నిలబెట్టుకోవడానికి జనం ఎక్కువగా పట్టుకునే దారులు రెండు. ఒకటి గ్రేడ్ 2 లిస్టింగ్, అంటే చారిత్రక కట్టడాల అధికారిక జాబితాలో చేర్చడం. ఇది భవనానికి రక్ష: గోడలు, దూలాలు, లోపల బిగించిన బార్ కౌంటర్ దాకా, దాని స్వరూపం మారేలా ఏం చేయాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి, లేకుండా చేస్తే నేరం. కానీ ఓనర్ తాళం వేసి కూర్చుంటే మాత్రం, తెరిచి బీరు పోయమని లిస్టింగ్ అడగదు.

రెండోది 2011 లోకలిజం చట్టం ఇచ్చిన కమ్యూనిటీ ఆస్తి గుర్తింపు, అంటే ఇది ఊరి జనానికి విలువైన చోటు అని స్థానిక కౌన్సిల్ గుర్తించడం. అమ్మకానికి పెట్టినప్పుడు ఊరివాళ్లు కొంటామని ముందుకొస్తే ఓనర్ ఆరు నెలలు ఆగాలి, అంతే. వాళ్లకే అమ్మాలని రూలేం లేదు, పైగా ఐదేళ్లకు గడువు తీరిపోతుంది.

స్టాఫర్డ్‌షైర్‌లోని క్రూకెడ్ హౌస్ (వంకర ఇల్లు) అనే పబ్బు సంగతి చూడండి. 1765లో కట్టిన ఇల్లు, కింద బొగ్గు తవ్వకాల వల్ల ఒక పక్క దాదాపు నాలుగు అడుగులు కుంగిపోయి, లోపల గోళీ పెడితే ఎత్తుకి దొర్లుతున్నట్టు కనిపించేది. దానికి లిస్టింగ్ లేదు. 2023 ఆగస్టులో, అమ్ముడైన కొద్ది రోజులకే తగలబడింది, రెండు రోజుల్లో కూల్చేశారు. మళ్లీ కట్టమని 2024లో కౌన్సిల్ నోటీసిచ్చింది గానీ, ఆ వంకర ఎవరు కడతారండీ?

నన్నడిగితే ముందు లిస్టింగే. ఊళ్లో డబ్బు పోగుచేసే దమ్ముంటే రెండోదానికీ అప్లై చేయండి.