ఫ్రెండ్స్‌తోనే బ్యాండా, బాగా వాయించేవాళ్లతోనా?

ఫ్రెండ్స్‌తో మొదలెట్టే బ్యాండ్‌లో ఎవడికి ఏది వచ్చో చూసుకోరు, గిటార్లు ఇద్దరు ముందే లాగేసుకుంటే మిగిలినోడికి బేస్ గిటార్, అంతే, గిటార్ మీద మూడు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) వస్తే పాట రెడీ. లివర్‌పూల్‌లో జాన్ లెనన్ 1956లో పెట్టిన క్వారీమెన్ బ్యాండ్ కూడా స్కూల్ గ్యాంగే, మరుసటేడు పాల్ మెకార్ట్‌నీ వచ్చాక పాతోళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు, అదే తర్వాత బీటిల్స్ అయింది, 1962లో డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ని తీసేసి రింగో స్టార్‌ని తెచ్చుకున్నారు.

మెటల్ బ్యాండ్ మెటాలికా అయితే 1981లో వాయించేవాళ్లు కావాలన్న పేపర్ యాడ్‌తోనే మొదలు, మొహమాటాల్లేవు. ఫ్రెండ్‌కి టైమింగ్ తప్పుతోందని చెప్పడం మాత్రం నరకం అబ్బా, డ్రమ్ స్టిక్స్ కింద పెట్టేసి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు.

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ వాళ్లు 1985లో స్కూల్లో కలిశారు, 1991లో పేరు మార్చారు గానీ ఆ ఐదుగురూ అలాగే ఉన్నారు. నాకైతే ఈ రకమే ఇష్టం, కాకపోతే అందరూ ఒకే స్పీడ్‌లో నేర్చుకోవాలి, అదెక్కడ కుదురుతుంది చెప్పండి.