వర్ధన్నపేట దగ్గరి భవంతి ఇల్లు: అమ్మకానికి ఉన్న పాత ఇంటిని రెండుసార్లు చూసి వచ్చాక

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే రోడ్డులో వర్ధన్నపేట దాటిన తర్వాత లోపలికి తిరిగే ఒక ఊరిలో అమ్మకానికి పెట్టిన పాత భవంతి ఇంటిని, అంటే నడుమ కప్పు లేని వాకిలి ఉన్న ఇంటిని, ఈ వానాకాలంలో రెండుసార్లు వెళ్లి చూశాము. మొదటిసారి నేనూ నా భార్యా మాత్రమే వెళ్లాము. రెండోసారి మట్టి గోడల పని తెలిసిన ఒక పెద్ద మేస్త్రీని, ఒక వడ్రంగిని వెంట తీసుకుని వెళ్లాము. ఊళ్లో పాత ఇల్లు కొని బాగుచేసుకుని ఉండాలనే ఆలోచన ఉన్నవారికి పనికొస్తుందని, చూసింది చూసినట్టు రాస్తున్నాను. కొద్దిపాటి మరమ్మతు చేసి రంగులు వేసుకుంటే దిగిపోవచ్చని మధ్యవర్తి ఫోనులో చెప్పిన మాట మాత్రం సరైనది కాదు.

స్థలం 340 గజాలు, ఇల్లు తూర్పు ముఖం. వీధి వైపు రెండు అరుగులు, వాటి మధ్య ఒక మనిషి రెండు చేతులతో నెడితే తప్ప కదలని టేకు తలుపులు, లోపలికి అడుగుపెట్టగానే నాలుగు వైపులా పెంకుల వాలు దిగి నడుమ ఆకాశం కనిపించే భవంతి, దాని చుట్టూ మొగురాల (కర్ర స్తంభాల) మీద నిలిచిన సాయబాను (వసారా), ఆ వెనుక ఐదు అర్రలు (గదులు) ఉన్నాయి. వంటర్ర వాయవ్యాన ఉంది, దొడ్డిలో చేదబావి ఉంది, బావిలో చేతికందేంత పైకి నీళ్లున్నాయి. ప్రతి అర్ర గోడలోనూ ఒక దిగూడు (దీపం పెట్టే గూడు) ఉంది. పడమటి అర్రలోని దిగూటి పైభాగం దీపం మసితో నల్లబడి, నూనె ఇంకి, వేలు పెడితే ఇంకా జిడ్డుగా తగులుతోంది. సాయబాను కింద నేల డంగుసున్నపు గచ్చు. ఇన్నేళ్ల తర్వాత కూడా అది ఎక్కడా లేచిపోలేదు, మిట్టమధ్యాహ్నం చెప్పులు విడిచి నిలబడితే పాదాలకు చల్లగా ఉంది. ఈ గచ్చును పగలగొట్టి టైల్స్ వేయించుకోవచ్చని కూడా మధ్యవర్తి సలహా ఇచ్చారు. కొనేవారెవరైనా ఆ పని చేయవద్దని నా మనవి. ఇప్పుడు అలాంటి గచ్చు వేయాలంటే సున్నం గానుగ పట్టించాలి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలపాలి, రోజుల తరబడి రుద్ది నునుపు తేల్చే పనివాళ్లు దొరకాలి.

పైకప్పు సంగతి త్వరగా చెప్పవచ్చు. దూలాలు, మొగురాలు గట్టిగా ఉన్నాయి. వాసాలలో సుమారు మూడో వంతు, ముఖ్యంగా చూరు వైపు కొసలు పాడయ్యాయి, వడ్రంగి స్క్రూడ్రైవరు గుచ్చితే రెండంగుళాల లోతు దిగిపోయింది. గూన పెంకులను కోతులు కదిలించి పగలగొట్టడమే దీనికి కారణం. మన జిల్లాల్లో చాలా ఊళ్లలో పెంకులు తీసేసి రేకులు వేసుకోవడానికి కూడా కోతుల బెడదే ముఖ్య కారణం. కొత్తగా గూన చేసి కాల్చే కుమ్మరులు ఇప్పుడు అరుదు కాబట్టి, పడగొట్టిన ఇళ్ల నుంచి పాత పెంకులు ఏరి తెచ్చుకోవాలి, పైన ఇనుప వల పరచాలి. ఖర్చు ఉంది కానీ చేయదగిన పనే.

ఈ ఇంటి అసలు జబ్బు గోడల్లో ఉంది. అది ఇంటితో పుట్టింది కాదు, బాగుచేద్దామని చేసిన పనితో వచ్చింది. దాదాపు ఇరవై ఏళ్ల కిందట లోపలి గోడలకు నేల నుంచి నాలుగు అడుగుల ఎత్తు వరకు సిమెంటు ప్లాస్టరింగు చేయించి, దాని మీద ఆయిల్ పెయింట్ వేయించారు. మొదటిసారి చూసినప్పుడు ఇంట్లో అన్నిటికంటే శుభ్రంగా కనిపించిన భాగం అదే కావడం వల్ల మేము కూడా సంతోషించాము. రెండోసారి మేస్త్రీ వేలి కణుపుతో గోడ పొడవునా తట్టుకుంటూ వెళ్లగా చాలా చోట్ల డొల్ల చప్పుడు వచ్చింది. యజమాని అనుమతి తీసుకుని ఉత్తరపు అర్రలో అరచేయంత ముక్క ఊడదీశారు. వెనుక మట్టి తడి ముద్దలా ఉంది, అందులో కలిపిన వరిగడ్డి పరకలు కుళ్లి నల్లబడ్డాయి, దర్వాజ కమ్మి పక్కగా చెదలు కట్టుకున్న మట్టిబాట పైదాకా పోయింది. పక్కింటి పెద్దమ్మను అడిగితే, "వానకాలంల ఆ అర్రల ఎవ్వలు పండకపోదురు బిడ్డా, గోడకు ఆనుకుంటె చీర తడిసేది" అని చెప్పింది.

దీని వెనుక ఉన్న కారణం తెలుసుకుంటే పాత ఇల్లు చూడడానికి వెళ్లే ఎవరికైనా ఉపయోగపడుతుంది. ఇలాంటి మట్టి గోడల పునాదిలో చెమ్మను ఆపే పొర ఉండదు కనుక, గోడ నేలలోని చెమ్మను కొంత పీల్చుకుంటూనే ఉంటుంది. పైన ఉన్నది మట్టి పూతో సున్నపు పూతో అయితే ఆ చెమ్మ అంతే నెమ్మదిగా ఆవిరై బయటికి పోతుంది, గోడ తడిసి ఆరుతూ వందేళ్లయినా నిలుస్తుంది. సిమెంటు పూత, దాని మీది నూనె రంగు ఆ దారిని మూసివేస్తాయి కాబట్టి చెమ్మ లోపలే పైకి ఎక్కి, పూత ముగిసిన చోట బయటపడుతుంది. ఈ ఇంట్లో సరిగ్గా నాలుగు అడుగుల ఎత్తున చుట్టూ కనిపిస్తున్న తెల్లటి ఉప్పు చార దాని గుర్తే.

అయితే ఉత్తరపు గోడకే అంత నీరు ఎక్కడిది అన్న ప్రశ్నకు సమాధానం రెండోసారి వెళ్లిన రోజు పడిన వానే చెప్పింది. భవంతిలో పడిన వాన నీరు ఒక రాతి తూము గుండా ఉత్తరపు అర్ర కింది నుంచి వీధి కాలువలోకి పోయేలా ఇల్లు కట్టినవారు ఏర్పాటు చేశారు. తర్వాత వీధిలో సీసీ రోడ్డు మీద రోడ్డు వేయడంతో వీధి మట్టం పెరిగి, గడప కంటే రోడ్డే ఎత్తయింది, తూము నోరు సిమెంటు కింద పూడిపోయింది. అరగంట వానకే భవంతిలో పాదం మునిగేంత నీరు నిలిచి, మేము ఉన్నంతసేపూ తగ్గలేదు. ఆ నీరంతా ఆ గోడ పునాదిలోకే ఇంకుతోంది. తూమును దొడ్డి వైపు మళ్లించి ఒక ఇంకుడు గుంతలోకి వదిలి, సిమెంటు పూతను పూర్తిగా ఊడదీసి, గోడలను ఒక ఎండాకాలం ఆరనిచ్చి, ఆ తర్వాతే సున్నపు పూత వేయాలని మేస్త్రీ చెప్పారు. ఉత్తరపు గోడలో పది అడుగుల మేర మాత్రం మళ్లీ కట్టవలసిందే.

మిగతావి మామూలు పనులు. చెక్క పట్టీల మీద వేసిన పాత వైరింగు మొత్తం తీసేయాలి, ఎర్తింగు లేనే లేదు. మరుగుదొడ్డి కొత్తగా కట్టుకోవాలి, దాని గుంత చేదబావికి కనీసం 15 మీటర్ల దూరంలో ఉండేలా దొడ్డిలో ఆగ్నేయ మూలన చోటు ఉంది.

కాగితాల దగ్గర మాత్రం తొందరపడకూడదు. ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల కోసం ఉన్న స్థలంలో ఉంది కాబట్టి సాగుభూమికి ఇచ్చే పాసుబుక్కు ఉండదు. పంచాయతీ ఇంటి నంబరు, పన్ను రసీదులు ఉన్నాయి, కానీ రసీదులు ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే వస్తున్నాయి, రసీదు ఒక్కటే హక్కుకు రుజువు కాదు. అన్నదమ్ములిద్దరూ సంతకం పెడతారని మధ్యవర్తి అన్నారు, నర్సంపేటలో ఉన్న అక్క సంగతి మేము అడిగితేనే చెప్పారు. తాతల నాటి ఆస్తి పంపకం జరగకుండా ఉన్నప్పుడు, 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం ప్రకారం కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఉంటుంది. ఆ చట్టం వచ్చిన నాటికి తండ్రి జీవించి ఉండాలన్న షరతు కూడా లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ముగ్గురూ సబ్ రిజిస్ట్రారు ముందు కూర్చుంటేనే బయానా (అడ్వాన్సు) ఇస్తామని చెప్పాము. ధర పైన రిజిస్ట్రేషనుకు అన్నీ కలిపి 7.5 శాతం వేరుగా లెక్క వేసుకోవాలి.

వాళ్లు అడిగిన ధర 21 లక్షలు. మేస్త్రీ, వడ్రంగి కలిసి వేసిన లెక్క ప్రకారం నివాసయోగ్యం కావడానికి మరో 9 లక్షలు కావాలి. మేము 16 లక్షలకు అడిగాము. గచ్చు, దూలాలు, తలుపులు, బావి చూస్తే ఆ మాత్రం ఇవ్వడానికి నాకు సందేహం లేదు. ఇంటిని పడగొట్టి స్లాబు వేసుకోవాలనుకునేవారికి ఈ ధర ఎక్కువే, వారు ఇది కొనకపోవడమే మంచిది. అక్కతో మాట్లాడి దసరా తర్వాత చెబుతామన్నారు. ఇల్లు చివరికి ఎవరి చేతికి వెళ్లినా, ఈ వానలు ముగిసేదాకా ఆ గోడ ఆగకపోవచ్చని, భవంతిలోని నీటిని దొడ్డిలోకి తీసేలా ముందు ఒక కాలువ తవ్వించమని చెప్పి వచ్చాము. ఆదివారం మనిషిని పెడతానని అన్నదమ్ముల్లో పెద్దాయన మాటిచ్చారు.