ఇంట్లో చేసుకునే మూత్ర పరీక్ష పట్టీలు: టీనేజీ పిల్లలకు ఎంతవరకు ఉపయోగం?

మూత్రంలో మంటగా ఉందని చెప్పడానికి సిగ్గుపడే వయసు పిల్లలకు ఈ పట్టీలు కొంత మేలే, ఎందుకంటే మూత్ర ఇన్ఫెక్షన్‌కు సూచనలైన నైట్రైట్‌ను, తెల్ల రక్తకణాల ఎంజైమును రంగు మార్పుతో నిమిషాల్లో చూపిస్తాయి. రంగుల పట్టిక స్పష్టంగా ఉంది. అయితే బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చడానికి మూత్రం దాదాపు 4 గంటలు మూత్రాశయంలో నిలవాలి కనుక, ఉదయపు తొలి మూత్రంతో చేసిన పరీక్షనే ఎక్కువగా నమ్మవచ్చు. మాటిమాటికీ వెళ్లాల్సి వచ్చే ఈ జబ్బులో అసలు చిక్కు అదే. పైగా ఎంటరోకోకస్ వంటి కొన్ని బ్యాక్టీరియా నైట్రైట్‌ను తయారుచేయవు, విటమిన్ సి ఎక్కువగా తీసుకున్నా ఫలితం తప్పుగా నెగెటివ్ రావచ్చు. ఇంత ముఖ్యమైన సంగతిని సూచనల కాగితంలో చిన్న అక్షరాల్లో ముద్రించడం నాకు నచ్చలేదు. ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తేల్చేది మూత్ర కల్చర్ పరీక్షే (ల్యాబ్‌లో మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూసేది) కాబట్టి, లక్షణాలు తగ్గకపోయినా, జ్వరం, వాంతులు, నడుము పక్కన నొప్పి కనిపించినా, పట్టీ ఫలితంతో నిమిత్తం లేకుండా వైద్యులను కలవాలి.